ప్రజాభిప్రాయ సర్వే: ఇంటింటికీ వెళ్లాలా, ఫోన్ చేయాలా, ఐవీఆర్ఎస్సా, వాట్సాప్ పోలా?

ఆర్టీసీ బస్సుల్లో మహిళలకు ఉచిత ప్రయాణం తెలంగాణలో 2023 డిసెంబర్ 9న, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు 15న మొదలైంది. దాని మీద ఒక నియోజకవర్గం జనం ఏమనుకుంటున్నారో తెలుసుకోవాలని ఓ డిగ్రీ కాలేజీ విభాగమో, జిల్లా పత్రికో, స్వచ్ఛంద సంస్థో అనుకుందాం. బస్టాండులో నిలబడి అడిగితే బస్సెక్కేవాళ్లే దొరుకుతారు. ఆటో స్టాండులో అడిగితే బేరాలు తగ్గినవాళ్లు దొరుకుతారు. వాట్సాప్‌లో లింకు తిప్పితే మన పరిచయస్తులు, వాళ్ల పరిచయస్తులు నింపుతారు. ఈ మూడింటిలో ఏదీ నియోజకవర్గం మాట కాదు.

పద్ధతి ఎంచుకునేటప్పుడు చాలామంది మొదట అడిగేది "ఎంతమందిని అడగాలి, ఎంతవుతుంది" అని. దానికన్నా ముందు తేల్చుకోవాల్సిన ప్రశ్న వేరే ఉంది. ఈ పద్ధతిలో మనం అడగలేకపోయేది ఎవరిని? వాళ్ల అభిప్రాయం మిగతావాళ్లకన్నా వేరుగా ఉంటుందా? ఉంటుందనిపిస్తే, ఎంత చవకైనా ఆ పద్ధతి పనికిరాదు.

## దేన్నిబట్టి పోల్చాలి

ఎవరు జారిపోతారు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 2019-21 లెక్కల్లో, ఎప్పుడైనా ఇంటర్నెట్ వాడామని చెప్పిన మహిళలు ఆంధ్రప్రదేశ్‌లో 21 శాతం, తెలంగాణలో 26.5 శాతం. పురుషుల్లో అది 48.8, 57.4 శాతం. ఆ తర్వాత ఊరూరా స్మార్ట్‌ఫోన్లు పెరిగాయి, నిజమే. అయినా ఇంట్లో ఒకే ఫోన్ ఉంటే పగలంతా అది ఎవరి జేబులో తిరుగుతుందో అందరికీ తెలుసు. ఉచిత బస్సు లాంటి విషయంలో ఈ ఒక్క లోటు చాలు, ఫలితం తలకిందులవడానికి.

మీరు ఎంచుకున్నారా, వాళ్లే వచ్చారా. 1936 అమెరికా అధ్యక్ష ఎన్నికల ముందు లిటరరీ డైజెస్ట్ పత్రిక, ఎవరికి ఓటేస్తారని అడుగుతూ సుమారు కోటి మందికి కార్డులు పంపింది. 23 లక్షలకు పైగా తిరిగొచ్చాయి. లాండన్ గెలుస్తాడని పత్రిక ప్రకటించింది. అతని ప్రత్యర్థి రూజ్‌వెల్ట్ 48 రాష్ట్రాల్లో 46 గెలిచాడు. ఆ పత్రిక వాడిన జాబితాలు టెలిఫోన్ డైరెక్టరీల నుంచి, కార్ల రిజిస్ట్రేషన్ల నుంచి తీసినవి, అంటే ఎక్కువగా ఉన్నవాళ్లవి. పైగా కార్డు నింపి పోస్టు చేసే ఓపిక ఉన్నవాళ్లే జవాబిచ్చారు. అంతకన్నా ఎన్నో రెట్లు చిన్న శాంపిల్‌తో, సర్వేలు చేసే జార్జ్ గాలప్ గెలుపు ఎవరిదో సరిగ్గా చెప్పాడు. ఇప్పుడు లక్ష ఓట్లు పడిన యూట్యూబ్ పోల్ చూపించి "ప్రజల నాడి" అనేవాళ్లకు ఇదే జవాబు.

నిజం చెప్పే వీలుందా. పక్కింటివాళ్లు వింటున్నప్పుడు, వచ్చింది ప్రభుత్వ మనిషేమో అన్న అనుమానం ఉన్నప్పుడు జవాబు మారుతుంది.

ఎన్ని ప్రశ్నలు పడతాయి, ఎన్ని మనిషి-రోజులు పడతాయి. ఖర్చు లెక్క ఇక్కడి నుంచే వస్తుంది.

| | ఇంటింటి సర్వే | మనిషి చేసే ఫోన్ | ఐవీఆర్ఎస్ (రికార్డింగ్ గొంతు అడిగితే మీట నొక్కే ఫోన్) | వాట్సాప్, గూగుల్ ఫారం |
|---|---|---|---|---|
| జారిపోయేవాళ్లు | వలస వెళ్లినవాళ్లు, గేటెడ్ అపార్ట్‌మెంట్ల వాళ్లు | సొంత ఫోన్ లేని ఆడవాళ్లు, వృద్ధులు | వాళ్లతోపాటు రికార్డింగ్ గొంతు వినగానే పెట్టేసేవాళ్లు | నెట్ వాడనివాళ్లు, మన గ్రూపులకు బయటివాళ్లు |
| ఎంపిక ఎవరిది | మీది | నంబర్ల జాబితాను బట్టి | చాలావరకు వాళ్లది | పూర్తిగా వాళ్లది |
| ప్రశ్నలు | 25-30 | 10-12 | 3-4 | 8-10 |
| ఒక సర్వేయర్ రోజుకు | 8-10 ఇంటర్వ్యూలు | 20-25 | వర్తించదు | వర్తించదు |
| మార్జిన్ ఆఫ్ ఎర్రర్ (ఫలితం అటూ ఇటూ ఎంత తేడా రావచ్చో) చెప్పొచ్చా | చెప్పొచ్చు | జాగ్రత్తగా | వద్దు | చెప్పకూడదు |

## ఎంతమంది చాలు

నియోజకవర్గంలో రెండు లక్షల ఓటర్లున్నా, రాష్ట్రంలో నాలుగు కోట్ల మంది ఉన్నా లెక్క దాదాపు ఒకటే. యాదృచ్ఛికంగా ఎంచిన 400 మందితో ఫలితం అటూ ఇటూ 5 శాతంలో ఉంటుంది. 600 మందితో 4, సుమారు 1,070 మందితో 3, 2,400 మందితో 2 శాతం. తేడాను సగానికి తగ్గించాలంటే శాంపిల్ నాలుగింతలు కావాలి. అందుకే వెయ్యి దాటాక డబ్బును మరింతమంది మీద పెట్టడం కన్నా దొరకనివాళ్ల కోసం రెండోసారి, మూడోసారి వెళ్లడానికి పెట్టడం మేలు.

రెండు చోట్ల ఈ లెక్క తప్పుతుంది. మొదటిది ఉపవర్గాలు. తెలంగాణలో ఎస్సీలు 2011 జనాభా లెక్కల ప్రకారం సుమారు 15 శాతం. 400 శాంపిల్‌లో వాళ్లు 60 మంది వస్తారు. ఆ 60 మంది మాటను విడిగా చెబితే తేడా 13 శాతం దాకా ఉంటుంది. "దళితుల్లో మద్దతు 8 శాతం తగ్గింది" అని ఆ శాంపిల్‌తో శీర్షిక పెట్టడం తప్పు.

రెండోది గుంపులు. ఒకే వీధివాళ్లు చాలా విషయాల్లో ఒకేలా ఆలోచిస్తారు. నాలుగు బూత్‌లలో వందేసి మందిని అడిగినా 400 అవుతుంది, 40 బూత్‌లలో పదేసి మందిని అడిగినా 400 అవుతుంది. కానీ రెండూ సమానం కావు. పొరుగువాళ్ల అభిప్రాయాల మధ్య పోలిక (0 అంటే పోలికే లేదు, 1 అంటే అందరిదీ ఒకే మాట) 0.05 ఉందనుకుంటే, 40 బూత్‌ల శాంపిల్ విలువ 276 మందికి సమానం, తేడా 6 శాతం లోపు. నాలుగు బూత్‌ల శాంపిల్ విలువ 67 మంది మాత్రమే, తేడా 12 శాతం. ప్రయాణం ఖర్చు తగ్గుతుందని ఎక్కువమంది చేసే పొరపాటు ఇదే.

## ఇంటింటి సర్వే

కష్టమైనదే. కానీ సాంఘిక విషయాల మీద, పథకాల మీద, కులం, మతం ముడిపడిన ప్రశ్నల మీద మన రాష్ట్రాల్లో దీనికి సాటి వచ్చేది ఇంకా లేదు. ఢిల్లీలోని పరిశోధన సంస్థ లోక్‌నీతి-సీఎస్‌డీఎస్ దేశవ్యాప్త ఎన్నికల అధ్యయనాలకు ఓటర్ల జాబితా నుంచి పేర్లు ఎంచి ఇంటికెళ్లి మాట్లాడే దారినే పట్టింది. చిన్న జట్టు కూడా అదే పద్ధతిని నియోజకవర్గం స్థాయికి తగ్గించుకోవచ్చు.

నియోజకవర్గంలో 250 బూత్‌లు ఉన్నాయనుకోండి. వాటిని మండలాలవారీగా వరసపెట్టి ప్రతి ఆరో బూత్‌ను తీసుకుంటే సుమారు 40 వస్తాయి, అన్ని మండలాలకూ వాటా దక్కుతుంది. "రోడ్డు బాగుంది", "మనకు తెలిసిన సర్పంచ్ ఉన్నాడు" అని బూత్ మార్చకూడదు.

బూత్‌వారీ ఓటర్ల జాబితా పీడీఎఫ్‌లు రాష్ట్ర ప్రధాన ఎన్నికల అధికారి వెబ్‌సైట్‌లో దొరుకుతాయి. పేరు, తండ్రి లేదా భర్త పేరు, ఇంటి నంబర్, వయసు, లింగం ఉంటాయి. ఒక బూత్‌లో 1,050 మంది ఉండి మీకు 15 పేర్లు కావాలంటే 1,050ని 15తో భాగించండి, 70 వస్తుంది. 1 నుంచి 70 లోపు ఒక చీటీ తీయండి. 23 వచ్చిందనుకుంటే 23, 93, 163, 233... ఈ క్రమసంఖ్యల మనుషులే మీ శాంపిల్. జాబితాలో చనిపోయినవాళ్లు, పెళ్లై వెళ్లిపోయినవాళ్లు, హైదరాబాద్‌కో బెంగళూరుకో వలసపోయినవాళ్లు తప్పకుండా తగులుతారు. పది ఇంటర్వ్యూల కోసం 15 పేర్లు తీసేది అందుకే. మనిషి దొరకలేదని పక్కింటివాళ్లను అడిగితే ఎప్పుడూ ఇంట్లో ఉండేవాళ్లే శాంపిల్‌లో నిండిపోతారు. ఉదయం ఒకసారి, సాయంత్రం 6 నుంచి 8 మధ్య ఒకసారి, ఆదివారం ఒకసారి, మొత్తం మూడుసార్లు వెళ్లాకే ఆ పేరు వదలాలి. వరి నాట్ల రోజుల్లో కూలి పనికి వెళ్లే ఆడవాళ్లు పొద్దున ఏడింటికే ఊరు దాటేస్తారు. ఆ వారాల్లో పగటి సర్వే పెట్టుకోకండి.

గడప దగ్గర మొదటి అర నిమిషమే కీలకం. పింఛనో, రేషన్ కార్డో తీసేయడానికి వచ్చారేమోనన్న భయం పోవాలి:

"నమస్కారమండి. మేం ఫలానా కాలేజీ నుంచి వచ్చాం. ప్రభుత్వం పంపలేదు, ఏ పార్టీ వాళ్లమూ కాదు. ఓటర్ల జాబితాలో చీటీ తీస్తే మీ పేరు వచ్చింది. మీరు చెప్పేది మీ పేరుతో ఎక్కడా రాయం. పావుగంట పడుతుంది. ఇష్టం లేని ప్రశ్నకు జవాబు చెప్పక్కర్లేదు."

ట్యాబ్ చేతిలో చూడగానే జనం ప్రభుత్వ సర్వే అనుకుంటారు. కాలేజీ గుర్తింపు కార్డు మెడలో కనబడాలి. కోడలిని అడుగుతుంటే అత్తగారో భర్తో జవాబు అందుకోవడం మామూలే. "మీ అభిప్రాయం కూడా తర్వాత రాసుకుంటామండి" అని వాళ్లను మరో సర్వేయర్ పక్కకు తీసుకెళ్లాలి. అందుకే ఇద్దరేసి, అందులో ఒకరు అమ్మాయి అయ్యేలా పంపాలి. ఏ పార్టీకి ఓటేస్తారన్న ప్రశ్నను నోటితో అడగొద్దు. గుర్తులున్న కాగితం ఇచ్చి, టిక్ పెట్టి, మడిచి, మూత ఉన్న డబ్బాలో వేయమనండి. చదువు రానివాళ్లకు కూడా గుర్తులు తెలుసు.

40 బూత్‌లు, 400 ఇంటర్వ్యూలు అంటే 40-50 మనిషి-రోజులు. ఎనిమిది మంది అయితే ఆరు రోజుల పని. కోబోటూల్‌బాక్స్, ఓడీకే లాంటి యాప్‌లు నెట్ లేకున్నా పనిచేస్తాయి, ప్రతి ఇంటర్వ్యూ ఎప్పుడు మొదలై ఎప్పుడు ముగిసిందో, ఎక్కడ జరిగిందో నమోదు చేస్తాయి. చెట్టు కింద కూర్చుని సొంతంగా నింపిన ఫారాలు అక్కడే పట్టుబడతాయి. పావుగంట ప్రశ్నావళి నాలుగు నిమిషాల్లో అయిపోవడం, "చెప్పలేను" అన్న జవాబు ఒక్కటీ లేకపోవడం, పది ఇంటర్వ్యూలూ ఒకే చోటి నుంచి రావడం గుర్తులు. పదింట ఒకరికి మీరే మళ్లీ వెళ్లి "మా వాళ్లు వచ్చారా, ఏం అడిగారు" అని కనుక్కోండి. ఈ తనిఖీ ఉంటుందని మొదటి రోజే అందరికీ చెప్పాలి.

ఈ పద్ధతి దెబ్బతినేది హైదరాబాద్, విశాఖ, విజయవాడల్లోని గేటెడ్ కాలనీల్లో. సెక్యూరిటీ దాటనివ్వరు. అసోసియేషన్ అనుమతి ముందే తీసుకోండి, లేకపోతే ఆ బూత్‌ల వరకు ఫోన్ కలపండి.

## మనిషి చేసే ఫోన్ సర్వే

వారంలో ఫలితం కావాలంటే ఇదే దారి. చిక్కంతా నంబర్ల దగ్గరే. పది అంకెలు యంత్రంతో పుట్టించి డయల్ చేస్తే రాష్ట్రం మొత్తానికి ఓ మాదిరిగా కుదురుతుంది గానీ నియోజకవర్గానికి కుదరదు, ఎందుకంటే మొబైల్ నంబర్ చూసి ఊరు చెప్పలేం. ఇక ఎవరో ఇచ్చే జాబితాలుంటాయి. పార్టీ సభ్యత్వాల నుంచో, పథకం లబ్ధిదారుల నుంచో వచ్చిన జాబితా అయితే సర్వే మొదలవకముందే ఒక పక్కకు ఒరిగిపోయినట్టే.

ఒకే సిమ్ నుంచి రోజుకు వందల కాల్స్ వెళితే ట్రూకాలర్‌లో స్పామ్ అని పడుతుంది, ఇక ఎవరూ ఎత్తరు. ఎత్తేవాళ్లు తగ్గిపోవడం ఒక్క మన సమస్యే కాదు. అమెరికాలో ప్యూ రీసెర్చ్ సెంటర్ ఫోన్ సర్వేలకు జవాబిచ్చేవాళ్లు 1997లో 36 శాతం ఉంటే 2018 నాటికి 6 శాతానికి పడిపోయారు.

ఫోన్ శాంపిల్‌లో ఆడవాళ్లు తక్కువ పడితే వెయిటింగ్‌తో, అంటే వాళ్ల జవాబులకు ఎక్కువ బరువిచ్చి, సరిచేస్తారు. చిన్న లెక్క చూడండి. మాట్లాడినవాళ్లలో 36 శాతం మహిళలు, 64 శాతం పురుషులు. మహిళల్లో 70 శాతం, పురుషుల్లో 40 శాతం పథకం బాగుందన్నారు. ఉన్నదున్నట్టు కలిపితే 51 శాతం. ఇద్దరికీ సగం సగం వాటా ఇస్తే, అంటే ఒక్కో మహిళ జవాబును 1.39తో, పురుషుడి జవాబును 0.78తో హెచ్చిస్తే, 55 శాతం. అయితే ఫోన్ ఎత్తిన ఆ మహిళలంతా పట్టణంలో ఉద్యోగాలు చేసేవాళ్లే అయితే ఈ హెచ్చింపు తప్పునే పెంచుతుంది. ఫోన్ లేని కూలి మహిళ మాట ఏ సూత్రంతోనూ రాదు.

ఫోన్ బాగా పనికొచ్చే చోటు ఒకటుంది. ఇంటింటి సర్వేలో కలిసినవాళ్ల నంబర్లు అనుమతితో తీసుకుని, మూడు నెలల తర్వాత అవే ప్రశ్నలు మళ్లీ అడగడం. ఒకసారి ముఖం చూసినవాళ్లు ఫోన్‌లోనూ మాట్లాడతారు. అభిప్రాయం ఎవరిలో మారిందో ఇలా అయితేనే తెలుస్తుంది. నంబర్ల ఫైలు, జవాబుల ఫైలు వేరువేరుగా దాచాలి.

## ఐవీఆర్ఎస్

తెలుగు రాష్ట్రాల్లో అభ్యర్థుల ఎంపిక పుణ్యమా అని ఈ మాట పల్లెల్లోనూ తెలిసిపోయింది. ఒక్క రోజులో లక్ష కాల్స్ వెళ్తాయి, కానీ అటువైపు మీట నొక్కింది ఎవరో తెలియదు. పిల్లలు నొక్కుతారు. మూడో ప్రశ్న దాటేసరికి ఎక్కువమంది పెట్టేస్తారు. చెవితో వినే జాబితాలో చివర విన్న పేరు గుర్తుండిపోతుంది, కాబట్టి పేర్ల వరస కాల్ కాల్‌కూ మార్చకపోతే చివరి పేరుకు లాభం.

అభిప్రాయం కన్నా అనుభవం అడగడానికి ఇది మేలు. "ధాన్యం డబ్బులు ఖాతాలో పడ్డాయా? పడితే ఒకటి, పడకపోతే రెండు." రైతుల నంబర్ల పూర్తి జాబితా ఉండి, ఇదే ప్రశ్న వారం వారం అడిగితే ఏ మండలంలో ఆలస్యమవుతోందో త్వరగా తెలుస్తుంది. ఇలాంటి కాల్స్ టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ నిబంధనల ప్రకారం నమోదైన సంస్థ ద్వారానే చేయించాలి.

## వాట్సాప్ పోల్, గూగుల్ ఫారం

వాట్సాప్ గ్రూపు పోల్‌లో ఎవరు దేనికి ఓటేశారో గ్రూపులో అందరికీ కనిపిస్తుంది. ఆఫీసు గ్రూపులో, కులసంఘం గ్రూపులో రాజకీయ ప్రశ్న పెడితే జవాబు కాదు, విధేయత బయటపడుతుంది. గూగుల్ ఫారంలో పేరు కనిపించకపోయినా లింకు ఎటు తిరిగితే ఫలితం అటే తిరుగుతుంది.

అయితే మీకు కావాల్సిన మనుషుల పూర్తి జాబితా చేతిలో ఉండి, అందరికీ నెట్ ఉంటే ఇంతకన్నా మంచి పద్ధతి లేదు. 600 మంది సభ్యులున్న ఉద్యోగ సంఘం, 300 ఫ్లాట్ల అసోసియేషన్, ఒక కాలేజీ విద్యార్థులు. ఒక్కొక్కరికి విడి లింకు పంపండి, రెండుసార్లు గుర్తుచేయండి, ఎందరు నింపలేదో కూడా ఫలితంతోపాటు చెప్పండి.

## ఎవరికి ఏది

కాలేజీ విభాగానికి విద్యార్థులే బలం కాబట్టి ఇంటింటి సర్వేనే చేయండి. 400 మంది చాలు. గూగుల్ ఫారంతో ప్రాజెక్టు ముగించడం విద్యార్థులకు అసలు విద్య నేర్పకుండా పంపడమే.

జిల్లా పత్రికకు, యూట్యూబ్ చానెల్‌కు రెండు రోజుల్లో ఏదో ఒకటి వేయాలనే ఒత్తిడి ఉంటుంది. శాతాలు లేకుండా, ఐదారు ఊళ్లలో జనం మాటలు వాళ్ల మాటల్లోనే వేయండి. అది నిజాయితీగల వార్త. శాతాలే కావాలంటే నెల ముందు నుంచి ప్లాన్ చేసుకుని కాలేజీతో కలవండి.

స్వచ్ఛంద సంస్థ మద్యం గురించో, గృహహింస గురించో, కులాంతర వివాహాల గురించో అడుగుతుంటే ఇంటింటికే వెళ్లాలి, మహిళా సర్వేయర్లే వెళ్లాలి. అలాంటి ప్రశ్న భర్త పక్కన కూర్చుని వింటున్న ఫోన్‌లో అడగడం ఆమెకు ప్రమాదం.

సర్పంచ్, ఎంపీటీసీ స్థాయి పోటీదారులు ఊళ్లో సొంత మనుషులతో సర్వే చేయించకండి, వినాలనుకున్నదే వినిపిస్తుంది. పక్క మండలం నుంచి మనుషులను పిలిపించండి.

ఎమ్మెల్యే సీట్ల అంచనా వేయాలనుకునేవాళ్లకు ఒక హెచ్చరిక. ఓట్ల శాతం సరిగ్గా పట్టినా సీట్లు తప్పొచ్చు. ఆంధ్రప్రదేశ్‌లో 39 శాతం పైచిలుకు ఓట్లతో 2019లో తెలుగుదేశానికి 23 సీట్లు వస్తే, 2024లో దాదాపు అంతే శాతంతో వైసీపీకి 11 వచ్చాయి. ఒక నియోజకవర్గం సర్వేను రాష్ట్రానికి, రాష్ట్రం సర్వేను ఒక్కో నియోజకవర్గానికి సాగదీయకండి.

## ప్రశ్న రాసేటప్పుడు, ఫలితం బయటపెట్టేటప్పుడు

"ఉచితాల వల్ల రాష్ట్రం అప్పులపాలవుతోందని ఒప్పుకుంటారా?" అంటే ఎక్కువమంది మర్యాదకైనా అవునంటారు. "పేద మహిళలకు మేలు చేసే సంక్షేమ పథకాన్ని కొనసాగించాలా?" అన్నా అవునంటారు. రెండు వైపులా ప్రశ్నలోనే పెట్టండి: "మహిళలకు బస్సులో టికెట్ లేకుండా ప్రయాణం కొనసాగించాలని కొందరు, ఆ డబ్బుతో బస్సులు పెంచాలని ఇంకొందరు అంటున్నారు. మీరు దేనికి దగ్గర?" సగం మందికి వరస తిప్పి అడగండి. "ఎటూ చెప్పలేను" అన్నది సర్వేయర్ చదివి వినిపించకుండా, వాళ్లంతట వాళ్లు అంటే నమోదు చేయాలి. అసలు సర్వేకు ముందు 20 మంది దగ్గర ప్రశ్నావళిని పరీక్షించి, "మీకు ఏం అర్థమైంది" అని అడిగితే సగం తప్పులు అక్కడే దొరుకుతాయి.

ఫలితం వేసేటప్పుడు ఎవరు చేయించారు, డబ్బెవరిది, ఏ తేదీల్లో, ఎన్ని బూత్‌లలో, ఎలా ఎంచారు, ఎందరు దొరకలేదు, ప్రశ్న యథాతథంగా ఏమిటి, వెయిటింగ్ చేశారా అన్నవి అదే పేజీలో ఉండాలి.

ఎన్నికల కాలంలో చట్టం కూడా చూసుకోవాలి. ప్రజాప్రాతినిధ్య చట్టం 1951లోని 126ఏ సెక్షన్ ప్రకారం ఎన్నికల సంఘం ప్రకటించిన కాలంలో ఎగ్జిట్ పోల్ చేయడం, ఫలితాలు ప్రచురించడం నేరం. రెండేళ్ల వరకు జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. పోలింగ్ ముగిసే సమయానికి ముందు 48 గంటల్లో టీవీలాంటి ఎలక్ట్రానిక్ మాధ్యమాల్లో ఒపీనియన్ పోల్ ఫలితాలు చూపడమూ 126 సెక్షన్ కింద కుదరదు. సర్వే పోలింగ్‌కు దగ్గర పడుతుంటే, ఈ తేదీల నుంచి వెనక్కి లెక్కేసుకుని ఫీల్డ్ పని మొదలుపెట్టండి.